పాత కారును ట్రాక్‌కు సిద్ధం చేయడం ఎలా: ఏది ముందు, ఏది తర్వాత

1960లు, 70ల నాటి కారును ట్రాక్ మీద నడపాలని అనుకోగానే చేతులు ముందు బానెట్ మీదికే పోతాయి. పెద్ద కార్బురేటర్లు, స్పోర్ట్స్ క్యామ్‌షాఫ్ట్, కొత్త సైలెన్సర్ కొనేస్తారు. మేం చెప్పేది దీనికి పూర్తిగా తలకిందులు. ముందు కారు ఆగాలి, తర్వాత చల్లగా ఉండాలి, ఆ తర్వాత చెప్పినట్టు తిరగాలి. పరుగు సంగతి ఆఖర్న చూసుకోవచ్చు.

ఎందుకంటే ఈ కార్లు రోడ్డు కోసం తయారైనవి. రోడ్డు మీద ఒకసారి గట్టిగా బ్రేకు వేస్తే, మళ్లీ అంత గట్టిగా వేసేలోపు డ్రమ్ములు చల్లబడటానికి కావలసినంత టైము దొరుకుతుంది. ట్రాక్ మీద ప్రతి ల్యాప్‌లోనూ నాలుగైదు సార్లు పెడల్ పూర్తిగా నొక్కుతారు, ఇంజిన్ పావుగంట సేపు రెడ్‌లైన్ (ఇంజిన్ తట్టుకోగల గరిష్ఠ వేగం) దగ్గరే తిరుగుతుంది. పైగా ఒక భాగానికి బలం పెంచితే ఆ భారం పక్క భాగం మీద పడుతుంది. మంచి టైర్లు వేస్తే హబ్బులు, బేరింగులు అరుగుతాయి. మలుపులో పట్టు పెరిగితే సంపులో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే పాత్ర) ఆయిల్ ఒక పక్కకు పోయి పంపుకు అందదు. అందుకే వరస ముఖ్యం. వరస తప్పితే ఒకే పనికి రెండుసార్లు ఖర్చు పెట్టాల్సి వస్తుంది.

మొదలుపెట్టే ముందు ఒక మాట. తీసిన ఒరిజినల్ భాగాలేవీ పారేయకండి. పేరు రాసి, నూనె పూసి, డబ్బాల్లో పెట్టండి. వీలైనంతవరకు బాడీకి కొత్త రంధ్రాలు వేయకుండా, పాత బోల్టు రంధ్రాలనే వాడుకుంటూ మార్పులు చేయండి. క్లాసిక్ కారును మళ్లీ మొదటి రూపానికి తెచ్చే వీలుంటేనే దాని విలువ నిలుస్తుంది.

బాడీ, ఇంజిన్ పరీక్ష

కారును నాలుగు స్టాండ్ల మీద ఎత్తండి. జాకీ మీద మాత్రమే ఉన్న కారు కిందికి ఎప్పుడూ దూరవద్దు. చేతిలో టార్చి, పాత స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి, ఒక అయస్కాంతం ఉంటే చాలు. గట్టి రేకును సుత్తితో తడితే ఖంగుమంటుంది, తుప్పు తిన్న రేకు మొద్దు చప్పుడు చేస్తుంది. అయస్కాంతం పట్టని చోట రేకు మీద మందంగా పుట్టీ ఉన్నట్టే. డోర్ల కింది సిల్స్, జాకీ పాయింట్లు, లీఫ్ స్ప్రింగుల హ్యాంగర్లు, స్ట్రట్ టవర్లు, స్టీరింగ్ బాక్సు బిగించిన చోటు, సీట్లు, బెల్టుల బోల్టులు దిగిన చోట్లు తప్పకుండా చూడాలి. ట్రాక్ మీద బలమంతా పడేది వీటి మీదే.

తుప్పు కనబడితే దాని మీద ఇంకో రేకు అతికించి వెల్డింగ్ చేస్తే కుదరదు. మంచి రేకు వచ్చేవరకు కోసి, అదే మందం రేకు పెట్టి వెల్డింగ్ చేయాలి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు విప్పండి. పెట్రోలు ట్యాంకు దగ్గర పనయితే ట్యాంకును కారు నుంచి పూర్తిగా దించేయండి. ఖాళీ ట్యాంకు ఇంకా ప్రమాదం, లోపల మిగిలేది పెట్రోలు ఆవిరే కాబట్టి.

ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గులన్నీ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని కంప్రెషన్ చూడండి. అంకె ఎంత అన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఎక్కువ ఉన్నదానికీ తక్కువ ఉన్నదానికీ తేడా 10 శాతం దాటితే, తక్కువ ఉన్న సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే లోపం పిస్టన్ రింగులది, పెరగకపోతే వాల్వులది. ఇలాంటి ఇంజిన్‌ను ట్రాక్ మీదికి తీసుకెళ్తే బాగుపడదు, త్వరగా పోతుంది. ముందు దాని పని పూర్తి చేయండి.

బ్రేకులు

ఎక్కువ టైము పెట్టాల్సింది ఇక్కడే.

బ్రేకులు రెండు రకాలుగా మోసం చేస్తాయి. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే ప్యాడ్ లేదా లైనర్ తట్టుకోగల వేడి దాటిపోయిందని అర్థం. పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరైంది. ఆవిరి నొక్కుకుపోతుంది, ద్రవం నొక్కుకుపోదు, అందుకే పెడల్ నేలకు తగులుతుంది. మొదటిదానికి ప్యాడ్లు మార్చాలి, రెండోదానికి ఆయిల్ మార్చాలి. ఏది జరిగిందో తేల్చుకోకుండా పెద్ద కాలిపర్లు (ప్యాడ్లతో డిస్కును పట్టే భాగాలు) కొనేయవద్దు.

ముందు బ్రేక్ ఆయిల్ సంగతి. డాట్ అంకె దాని గ్రేడు. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దగ్గర, డాట్ 4 కనీసం 230 దగ్గర, డాట్ 5.1 కనీసం 260 దగ్గర మరుగుతాయి. ఇవన్నీ గాలిలోని తేమను పీల్చుకుంటాయి. తేమ పట్టిన డాట్ 3 మరిగే వేడి 140కి, డాట్ 4 ది 155కి పడిపోవచ్చు. ఏడాది పాత డాట్ 4 తో ట్రాక్ మీదికి వెళ్లడం ఎందుకు ప్రమాదమో ఈ అంకెలే చెబుతాయి. రేసింగ్ డాట్ 4 ఆయిళ్లు కొత్తగా ఉన్నప్పుడు 300 డిగ్రీలు దాటి తట్టుకుంటాయి, వాటిని వాడండి. ప్రతి సీజనుకు ఒకసారైనా పూర్తిగా మార్చండి. సీసా ఒకసారి తెరిస్తే మిగిలినదాన్ని వచ్చే ఏటికి దాచవద్దు. డాట్ 5 అనేది సిలికాన్ ఆయిల్, వేరే జాతి. మిగతావాటితో కలపకూడదు. వేడికి కొంచెం నొక్కుకుపోయి పెడల్‌ను మెత్తగా చేస్తుంది, అందుకే ట్రాక్‌కు పనికిరాదు.

తర్వాత మాస్టర్ సిలిండర్. 1960ల నాటి చాలా కార్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే సర్క్యూట్ ఉంటుంది. ఎక్కడో ఒక హోస్ పగిలితే నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. అదే మోడల్ తర్వాతి ఏళ్లలో రెండు సర్క్యూట్ల టాండెమ్ మాస్టర్ సిలిండర్‌తో వచ్చి ఉంటే, దాన్ని వేయించడమే ఈ కారుకు మీరు చేసే అన్నిటికంటే మంచి మార్పు. బోర్ సైజు మాత్రం చూసుకోండి. బోర్ పెద్దదయితే పెడల్ తక్కువ దూరం దిగుతుంది కానీ కాలు బలంగా నొక్కాలి, చిన్నదయితే దీనికి తిరగబడి ఉంటుంది. కాలిపర్లు మార్చినప్పుడు కూడా ఇదే లెక్క.

ముందు చక్రాలకు డ్రమ్ములుంటే డిస్కులకు మార్చండి. డ్రమ్ వేడెక్కితే వ్యాకోచించి లైనర్లకు దూరంగా జరుగుతుంది, వరసగా నాలుగు మలుపులకు బ్రేకు వేసేసరికి పెడల్ దిగిపోతుంది. అదే కంపెనీ తర్వాతి మోడల్ నుంచి స్టబ్ యాక్సిల్ (చక్రం తిరిగే చిన్న ఇరుసు), డిస్క్, కాలిపర్ మొత్తం సెట్టుగా తెచ్చుకుంటే పని తేలిక. ఇక్కడ చాలామంది మరిచిపోయేది ఒకటుంది. డ్రమ్ బ్రేకుల కోసం చేసిన మాస్టర్ సిలిండర్లలో లైనులో కొద్దిపాటి ఒత్తిడి ఎప్పుడూ నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. డిస్కులు వేశాక ఆ వాల్వు అలాగే ఉంటే ప్యాడ్లు డిస్కును వదలకుండా రాసుకుంటూ ఉంటాయి. చక్రం పట్టేసినట్టు వేడెక్కుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

వెనక డ్రమ్ములు అలాగే ఉండనివ్వొచ్చు. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు పోతుంది, వెనక పని తక్కువ. మంచి లైనర్లు వేసి, సర్దుబాటు సరిగ్గా చేస్తే చాలు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. డ్రమ్ విప్పాక ఆ దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదకండి, పొడి బ్రష్షుతో రుద్దకండి. బ్రేక్ క్లీనర్‌తో తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి.

రబ్బరు హోసులు బయటికి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బి మూసుకుపోతాయి. అప్పుడు పెడల్ వదిలినా బ్రేకు వదలదు. వాటి బదులు స్టీలు అల్లిక ఉన్న హోసులు వేయండి. వేశాక చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు, పూర్తిగా పైకి లేచినప్పుడు, స్టీరింగ్‌ను రెండు పక్కలా చివరికంటా తిప్పి చూడండి. హోస్ ఎక్కడా లాగకూడదు, ఎక్కడా రాసుకోకూడదు. స్టీలు అల్లిక తనకు తగిలిన దేన్నైనా రంపంలా కోస్తుంది.

గాలి తీసేటప్పుడు సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. పాత మాస్టర్ సిలిండర్ అయితే పెడల్‌ను నేల తాకేదాకా నొక్కవద్దు. పిస్టన్ రోజూ వెళ్లని చివరి భాగంలో బోర్ లోపల తుప్పు ఉంటుంది, సీళ్లు దాని మీదికి వెళ్లి చిరుగుతాయి. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టి సగంలోనే ఆపండి. ఎంత తీసినా గాలి పోకపోతే కాలిపర్ చూడండి. బ్లీడ్ నిప్పుల్ (గాలి తీసే స్క్రూ) పైన ఉండాలి. కుడి, ఎడమ కాలిపర్లు తారుమారైతే నిప్పుల్ కిందికి వస్తుంది, పైన చేరిన గాలి ఎప్పటికీ బయటికి రాదు.

కొత్త ప్యాడ్లను బెడ్ చేయాలి, అంటే డిస్కుకు అలవాటు చేయాలి. ఖాళీ రోడ్డు లేదా ట్రాక్ మీద గంటకు 100 కిలోమీటర్ల నుంచి 30 వరకు ఎనిమిది, పది సార్లు వరసగా గట్టిగా బ్రేకు వేయండి, చక్రాలు మాత్రం లాక్ కాకూడదు, కారు పూర్తిగా ఆగకూడదు. తర్వాత పది నిమిషాలు బ్రేకు ముట్టకుండా నడిపి చల్లార్చండి. వేడి మీద పెడల్ తొక్కి పట్టుకుని ఆగితే ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఒకేచోట అంటుకుంటుంది, ఆ తర్వాత ప్రతి బ్రేకుకూ స్టీరింగ్ వణుకుతుంది.

చక్రాలు, టైర్లు, హబ్బులు

టైరు పక్కన నాలుగు అంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు నిండుగా ఉన్నా ఆరేళ్లు దాటిన రబ్బరు గట్టిపడి జారుతుంది. పాత కార్ల టైర్లు తిరగక, ఎండి పాడవుతాయి కాబట్టి ఈ తేదీ తప్పక చూడండి. మొదటి సీజనుకు ఒరిజినల్ సైజుకు ఒక మెట్టు పైన ఉన్న మంచి రోడ్డు టైరే సరిపోతుంది. స్లిక్కులు (గాడులు లేని రేసు టైర్లు), సెమీ స్లిక్కులు (కొద్ది గాడులున్నవి) వేసిన రోజే హబ్బులు, స్టబ్ యాక్సిళ్లు, ఆయిల్ అన్నీ కొత్త పరీక్షకు నిలబడాలి.

గాలి చల్లగా ఉన్నప్పుడు 26 నుంచి 28 పీఎస్‌ఐతో మొదలుపెట్టి, రెండు మూడు ల్యాపులు అయ్యాక వేడి మీద కొలవండి. టైరు వేడి సుమారు 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగితే దాదాపు 1 పీఎస్‌ఐ పెరుగుతుంది. వేడి మీద 32 నుంచి 34 మధ్య ఉండేలా సర్దుకోండి. అంచు మీద సుద్దతో గీత గీస్తే, టైరు ఎంతవరకు ఒరుగుతోందో ఆ గీత అరిగిన తీరే చెబుతుంది. గీత అంచు దాటి పక్కగోడ మీదికి అరిగితే గాలి తక్కువ, అంచును ముట్టకుండా మిగిలిపోతే ఎక్కువ.

పాత స్టీలు చక్రాలను ఇసుక కొట్టించి, స్టడ్ రంధ్రాల చుట్టూ, వెల్డింగ్ గీత వెంబడి డై పెనెట్రంట్ స్ప్రేతో బీటలు చూడండి. రంగు వేశాక బీటలు కనబడవు కాబట్టి ఈ పని రంగుకు ముందే. చువ్వల చక్రాలను గట్టి మలుపుల కోసం వాడవద్దు. అవి అందంగా ఉంటాయి, కానీ చువ్వలు లూజవుతాయి, తెగుతాయి. హబ్ బేరింగులను పెట్రోలుతో కడిగి ఆరనిచ్చి, గుంతలు, నీలి మరకలు చూసి, డిస్క్ బ్రేకుల వేడికి పనికొచ్చే గ్రీజు పెట్టండి. టేపర్ బేరింగులను మరీ బిగిస్తే వేడికి పట్టేస్తాయి. మాన్యువల్‌లో చెప్పిన ఎండ్ ఫ్లోట్ (బేరింగులో ఉంచాల్సిన కొద్దిపాటి సందు) ఎంతో డయల్ గేజితో కొలిచి ఉంచండి.

ఆయిల్, చల్లదనం

పాత ఇంజిన్లు ట్రాక్ మీద పోవడానికి వేగం కంటే ఆయిల్ కారణమయ్యేదే ఎక్కువ. మీటరు లేకుండా ఏ మార్పూ చేయవద్దు: ఆయిల్ ప్రెషర్, ఆయిల్ టెంపరేచర్, నీళ్ల టెంపరేచర్ మూడూ కళ్లకు ఎదురుగా ఉండాలి. ప్రెషర్‌కు పాత లెక్క ప్రతి 1000 ఆర్‌పీఎంకు 10 పీఎస్‌ఐ. టెంపరేచర్ 90 నుంచి 115 మధ్య బాగు, 130 దాటితే నెమ్మదించి పిట్స్‌కు వచ్చేయండి.

మలుపు మధ్యలో ప్రెషర్ ముల్లు ఒక్కసారిగా పడి, నేరు దారి రాగానే లేచిందంటే ఆయిల్ పికప్‌ను (పంపు ఆయిల్ పీల్చే గొట్టం) వదిలి పక్కకు పోయింది. ఆ ఒక్క క్షణమే బిగ్ ఎండ్ బేరింగును (కనెక్టింగ్ రాడ్డు క్రాంకుకు కలిసే చోటిది) చంపుతుంది. ముందు డిప్‌స్టిక్ పై గీత వరకు ఆయిల్ నింపండి. ఆ పైన సంపులో బ్యాఫిల్ పలకలు వెల్డింగ్ చేయించండి. పికప్ చుట్టూ గదిలాంటిది కట్టి, ఆయిల్ లోపలికి రానిచ్చి బయటికి పోనివ్వని చిన్న తలుపులు పెడతారు. అదీ చాలకపోతే ఒత్తిడితో ఆయిల్ నిల్వ ఉంచే అక్యుమ్యులేటర్ ఉంది. ఒరిజినల్ మినీ కారు సంగతి వేరు. దాని గేర్‌బాక్సు సంపులోనే ఉండి ఇంజిన్ ఆయిల్‌తోనే నడుస్తుంది. గేర్ల పళ్ల మధ్య నలిగి ఆయిల్ త్వరగా పలచబడుతుంది కాబట్టి దానికి ఆయిల్ మిగతావాటి కంటే తరచుగా మార్చాలి.

ఏ ఆయిల్ వాడాలి? ఈ కాలపు చాలా ఇంజిన్లకు ఫ్లాట్ టాపెట్లు ఉంటాయి. క్యామ్ లోబ్ టాపెట్ మీద రాసుకుంటూ తిరుగుతుంది, అక్కడ జింక్, ఫాస్ఫరస్ కలిపిన జెడ్‌డీడీపీ రక్షణగా ఉండాలి. కొత్త కార్ల పలచటి ఆయిళ్లలో ఉత్ప్రేరక కన్వర్టర్ కోసం ఫాస్ఫరస్‌ను 800 పీపీఎం (పది లక్షల్లో 800 భాగాలు) దగ్గరకు తగ్గించారు. క్లాసిక్ కార్ల కోసమే తయారైన, 1000 నుంచి 1400 పీపీఎం జింక్ ఉన్న 20డబ్ల్యూ-50 తీసుకోండి. క్యామ్‌షాఫ్ట్ కొత్తదయితే ఇంజిన్ అంటుకోగానే ఐడిల్‌లో వదలకుండా 20 నిమిషాలు 2000 నుంచి 2500 ఆర్‌పీఎం దగ్గర నడపండి. ఐడిల్‌లో క్యామ్ మీద చల్లుకునే ఆయిల్ చాలదు, మొదటి గంటలోనే లోబ్ అరిగిపోతుంది.

ఆయిల్ కూలర్ వేస్తే థర్మోస్టాట్ ఉన్నదే వేయండి. లేకపోతే చల్లటి ఆయిల్‌తోనే ల్యాపులు మొదలవుతాయి, అదీ నష్టమే. హోసులను ఎగ్జాస్ట్‌కు దూరంగా, రెండు మూడు చోట్ల క్లిప్పులతో పట్టించండి.

రేడియేటర్ కోర్ మార్పించి, దాని చుట్టూ ఉన్న సందులన్నీ రేకుతో, స్పాంజితో మూయండి. గాలికి సులువైన దారి దొరికితే రేడియేటర్లోకి దూరదు. వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకేస్తుంటారు. అలా చేస్తే నీళ్లు అన్ని చోట్లకూ సమంగా పోక హెడ్‌లో ఒకచోట ఎక్కువ వేడి మిగులుతుంది, పైగా చల్లటి ఇంజిన్ త్వరగా అరుగుతుంది. 82 డిగ్రీలది ఉంచండి. క్యాప్ ఒత్తిడి ఒక్కో పీఎస్‌ఐకి నీళ్లు మరిగే వేడి దాదాపు ఒకటిన్నర డిగ్రీ పెరుగుతుంది. అయితే పాత హీటర్ కోర్లు పెద్ద క్యాప్‌ను తట్టుకోలేవు, ఒరిజినల్ కంటే ఒకేసారి రెట్టింపుకు వెళ్లకండి. గ్లైకాల్ కూలెంట్ ట్రాక్ మీద కారితే ఎంతకీ ఆరని జారుడు మిగులుతుంది కాబట్టి చాలా ట్రాకులు దాన్ని వద్దంటాయి. వాటిలో తుప్పు నిరోధకం కలిపిన మామూలు నీళ్లు వాడాలి, గడ్డకట్టే చలిలో మాత్రం కారు నిలిపే ముందు ఆ నీళ్లు తీసేయాలి.

క్రాంక్‌కేస్ బ్రీతర్ గొట్టాన్ని (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయేది) క్యాచ్ ట్యాంకులోకి పెట్టండి. ఇంజిన్ 2000 సీసీ వరకు అయితే ట్యాంకు 2 లీటర్లు, పైన అయితే 3 లీటర్లు.

సస్పెన్షన్

ఇక్కడ తొందరపడి తక్కువ ఎత్తు, గట్టి స్ప్రింగులు వేసేవాళ్లే ఎక్కువ. ముందు అరిగిన బుష్షులు, బాల్ జాయింట్లు, స్టీరింగ్ లూజు సరిచేయండి. వీటితోనే కారు పూర్తిగా మారిపోతుంది. పాలీయురేథేన్ బుష్షులు వేస్తే లోపల సిలికాన్ గ్రీజు తప్పనిసరి, లేకపోతే కీచుమంటాయి. రబ్బరు బుష్షులయితే కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే బోల్టులు చివరికంటా బిగించాలి. గాల్లో ఉన్నప్పుడు బిగిస్తే కారు దించగానే రబ్బరు మెలి తిరిగి, కొద్ది రోజుల్లోనే చిరుగుతుంది.

షాక్ అబ్జార్బర్లు స్ప్రింగుల కంటే ముందు. లీవర్ ఆర్మ్ డ్యాంపర్లున్న (చేయి లాంటి కడ్డీతో కదిలే పాత రకం షాక్ అబ్జార్బర్లు) కార్లలో ఆయిల్ మార్చి, షాఫ్ట్ లూజు చూడండి. ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో ముందువైపు డ్యాంపర్ చేయే సస్పెన్షన్ పై ఆర్మ్‌గా పనిచేస్తుంది, కాబట్టి దాని లూజు నేరుగా చక్రం కోణంలోనే కనబడుతుంది. స్ప్రింగులు రోడ్డుకూ వాడే కారుకు 25 నుంచి 40 శాతం గట్టివి చాలు, ఎత్తు 25 మి.మీ. కంటే ఎక్కువ తగ్గించవద్దు. ఇంకా దించితే స్టీరింగ్ రాడ్లు, ఆర్ములు వేర్వేరు వలయాల్లో కదిలి గతుకు తగిలినప్పుడల్లా చక్రం తనంతట తానే తిరుగుతుంది, బంప్ స్టాపులు కూడా త్వరగా తగులుతాయి.

అలైన్‌మెంట్‌కు మొదటి అంకెలు: ముందు చక్రాల క్యాంబర్ (చక్రం పైభాగం ఒరిగిన కోణం, మైనస్ అంటే లోపలికి) మైనస్ 1.5 నుంచి 2.5 డిగ్రీలు, టో (చక్రాల ముందంచులు బయటికో లోపలికో తిరిగి ఉండటం) సున్నా నుంచి 1 మి.మీ. బయటికి, క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వాలు) రెండు పక్కలా ఒకటే. కొలిచేటప్పుడు డ్రైవర్ సీట్లో మీ అంత బరువు పెట్టడం మరిచిపోకండి. యాంటీ రోల్ బార్ (మలుపులో కారు ఒరగకుండా పట్టే కడ్డీ) ముందువైపు వేయండి. వెనక వేస్తే మలుపులో లోపలి చక్రం లేచి వీల్‌స్పిన్ అవుతుంది, అనుభవం లేని చేతికి వెనక భాగం జారిపోయే భయం కూడా ఎక్కువ.

మనిషి రక్షణ

దీన్ని ఆఖర్న మిగిలిన డబ్బుతో చేద్దామనుకోకండి. పాత కార్లలో తలకు, ఛాతీకి దగ్గరగా గట్టి స్టీలే ఉంటుంది, నలిగి దెబ్బను మింగేలా రూపొందించిన భాగాలు తక్కువ.

వెనక హూప్ (సీట్ల వెనక వంపు గొట్టం) ఉన్న రోల్ కేజ్, అంటే బోల్తాలో మనిషిని కాపాడే గొట్టాల చట్రం కావాలి. ఎఫ్‌ఐఏ (మోటార్ రేసుల అంతర్జాతీయ సంస్థ) లెక్క ప్రకారం ప్రధాన హూప్ కార్బన్ స్టీలు సీమ్‌లెస్ గొట్టం 45 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం, లేదా 50 మి.మీ., 2 మి.మీ.; మిగతావి 38 మి.మీ., 2.5 మి.మీ. ఆ గొట్టాలు దిగే చోట 3 మి.మీ. మందం, కనీసం 120 చదరపు సెంటీమీటర్ల పలకను బాడీకి వెల్డింగ్ చేయాలి. పలక లేకుండా పలచటి ఫ్లోరు మీద బిగిస్తే బోల్తాలో గొట్టం ఫ్లోరును చీల్చుకుని కిందికి దిగుతుంది. తల తగిలే చోటల్లా గట్టి రకం ప్యాడింగ్ పెట్టండి. కేజ్ ఉన్న కారును హెల్మెట్ లేకుండా రోడ్డు మీద నడపడం మంచిది కాదు, మామూలు గుద్దుడులోనే తల గొట్టానికి తగులుతుంది.

సీటు హోమోలొగేషన్ (రేసు సంస్థ ఆమోదం) ఉన్న బకెట్ సీటు, బెల్టు అయిదు లేదా ఆరు పాయింట్లది. భుజం పట్టీలు భుజం నుంచి వెనక్కి దాదాపు సమతలంగా పోవాలి. కిందికి వాలు 10 డిగ్రీల లోపు ఉంటే మంచిది, ఎట్టి పరిస్థితిలోనూ 45 దాటకూడదు. ఫ్లోరుకు కట్టిన భుజం పట్టీ గుద్దుడులో వెన్నెముకను కిందికి నొక్కుతుంది. నడుం పట్టీ పొట్ట మీద కాదు, కటి ఎముకల మీద కూర్చోవాలి. బాడీకి బిగించే చోట 40 చదరపు సెంటీమీటర్లు, 3 మి.మీ. మందం పలక వెయ్యండి.

బ్యాటరీ కటాఫ్ స్విచ్ సంగతిలో తరచు తప్పు జరుగుతుంది. రెండు టెర్మినళ్ల సాదా స్విచ్ బ్యాటరీని తీసేస్తుంది, కానీ ఇంజిన్ తిరుగుతుంటే ఆల్టర్నేటరే ఇగ్నిషన్‌కు కరెంటు ఇస్తూ ఉంటుంది, ఇంజిన్ ఆగదు. ఇగ్నిషన్ వైరును కూడా తెంపే ఆరు టెర్మినళ్ల స్విచ్ కొని, ఆల్టర్నేటర్ నుంచి వచ్చే కరెంటును రెసిస్టరు ద్వారా నేలకు పంపండి. స్విచ్ లోపలి నుంచి, బయటి నుంచి కూడా అందాలి. పెట్టాక ఇంజిన్ 3000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుండగా ఒకసారి ఆపి చూడండి.

కనీసం 2 కిలోల మంటార్పే సిలిండర్‌ను లోహపు పట్టీలతో, డ్రైవర్ బెల్టు కట్టుకుని ఉండగానే చేతికి అందే చోట బిగించండి. ఎంజీబీ వంటి కార్లలో బ్యాటరీలు సీట్ల వెనక, ఫ్లోరు కింద ఉంటాయి. వాటి పట్టీలు తుప్పు పట్టి ఊడిపోతుంటాయి, తప్పక చూడండి.

పెట్రోలు, ఇగ్నిషన్, గేర్‌బాక్సు

ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను మెత్తబరచి కారిస్తుంది. మంటలకు ఇదే మొదటి దారి. ఇథనాల్‌ను తట్టుకునే హోసులు, స్టీలు క్లిప్పులతో మొత్తం మార్చండి. ఎలక్ట్రిక్ పంపుంటే గుద్దుడుకు తెగే ఇనర్షియా స్విచ్ పెట్టండి. కార్బురేటర్ త్రాటిల్‌కు రెండు రిటర్న్ స్ప్రింగులు ఉండాలి. ఒకటి తెగినా రెండోది మూస్తుంది. మలుపులో ఇంజిన్ దగ్గితే ముందు ట్యాంకులో పెట్రోలు పావు వంతు కంటే పైన ఉందో లేదో చూడండి, తర్వాత ఫ్లోట్ ఎత్తు చూడండి.

ఇగ్నిషన్ పాయింట్ల (స్పార్కు కోసం కరెంటు తెంపే కాంటాక్టులు) స్థానంలో ఎలక్ట్రానిక్ కిట్ పెట్టేముందు కారు పాజిటివ్ ఎర్తా, నెగెటివ్ ఎర్తా, అంటే బ్యాటరీ ఏ కొన బాడీకి కలిసి ఉందో చూడండి. 1960ల మధ్య వరకు బ్రిటిష్ కార్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్తే. తప్పుగా కలిపితే కిట్ ఆ క్షణంలోనే కాలిపోతుంది. టైమింగ్‌ను ఐడిల్‌లో కాకుండా, 3500 నుంచి 4000 ఆర్‌పీఎం దగ్గర టైమింగ్ లైట్‌తో మొత్తం అడ్వాన్సు (పిస్టన్ పైకి చేరేముందు ఎన్ని డిగ్రీల దగ్గర స్పార్కు వస్తుందో) చూసి పెట్టండి. ఈ తరం ఇంజిన్లలో చాలావాటికి 32 నుంచి 36 డిగ్రీల మధ్య ఉంటుంది. తక్కువ నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లండి, నాకింగ్ వినబడితే వెంటనే వెనక్కి. పూర్తి త్రాటిల్‌లో గాలి-పెట్రోలు నిష్పత్తి 12.5 నుంచి 13 మధ్య ఉండాలి. పలచబడితే పిస్టన్ కరుగుతుంది.

ఇత్తడి సింక్రోమెష్ రింగులున్న గేర్‌బాక్సులో జీఎల్-4 ఆయిల్ వాడండి. జీఎల్-5 లో ఎక్కువ పాళ్లలో ఉండే గంధకపు కలయిక ఆ ఇత్తడిని తినేస్తుంది. హైపాయిడ్ డిఫరెన్షియల్‌లో జీఎల్-5 సరే.

ఇవన్నీ పూర్తయి, ఒక పూర్తి రోజు ట్రాక్ మీద ఏ మీటరూ గీత దాటకుండా కారు తిరిగాక, అప్పుడు క్యామ్‌షాఫ్ట్, కార్బురేటర్ల గురించి ఆలోచించండి.

మొదటి రోజు

చక్రాల నట్లన్నీ టార్క్ రెంచితో మాన్యువల్ అంకెకు బిగించి, సిగ్గుపడకుండా మొదటి సెషన్ తర్వాత చక్రాలు చల్లారాక మళ్లీ చూడండి. కొత్త చక్రాలకు ఇది మరీ ముఖ్యం. సీట్ల కింద, డిక్కీలో ఉన్న ప్రతి వస్తువూ బయటికి తీయండి. ముందూ వెనకా టోయింగ్ హుక్కులు, బ్రేకు లైట్లు పనిచేస్తున్నాయో చూసుకోండి. ట్రాక్ శబ్ద పరిమితి ఎంతో ముందే అడిగి, దానికి తగిన సైలెన్సర్‌తో రండి.

మొదటి సెషన్ పది నిమిషాలకు మించొద్దు. మొదటి రెండు ల్యాపులు ఆయిల్ 70 డిగ్రీలకు చేరేదాకా సగం వేగం, చివరి ల్యాపు బ్రేకులు ఎక్కువ వాడకుండా. పిట్స్‌లోకి వచ్చాక హ్యాండ్‌బ్రేక్ వేయకండి. వేడి డ్రమ్ముకు లైనర్లు అంటుకుంటాయి. చక్రం కింద దిమ్మ పెట్టండి. ఇంజిన్ వెంటనే ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో తిరగనివ్వండి, ఆపాక గేర్‌లో ఉంచండి.

తర్వాత బానెట్ ఎత్తి ఆయిల్, నీళ్లు, బ్రేక్ ఆయిల్ మట్టాలు రాసుకోండి. కారు కింద పడుకుని ఎక్కడ తడి ఉందో చూడండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లూజు ఉంటే బేరింగు, పక్కల పట్టుకుని ఊపితే లూజు ఉంటే టై రాడ్. ప్యాడ్ల మందం కొలిచి రాయండి. ఒకే సెషన్లో 2 మి.మీ. అరిగిందంటే ఆ ప్యాడ్ రకం మీ కారుకు సరిపోదు. నల్లటి మసి ఉన్న ప్లగ్గు ఎక్కువ పెట్రోలును, తెల్లగా కాలిన ప్లగ్గు పలచటి మిశ్రమాన్ని సూచిస్తుంది. ఈ అంకెలన్నీ తేదీ, వాతావరణం, టైరు గాలితో సహా ఒక పుస్తకంలో రాసి, రెండో సెషన్‌కు ఒక్క మార్పు మాత్రమే చేసి వెళ్లండి. ఒకేసారి రెండు మారిస్తే ఏది పని చేసిందో తెలియదు.